పొరుగు దేశంలో దౌర్జన్యం, మన ప్రభుత్వాల ధర్మం: బర్మా విధానంపై ఒక విమర్శ

ఒక దేశంలో సైన్యం ప్రజల సమ్మతి లేకుండా అధికారం చేజిక్కించుకుని, ఎదురు చెప్పినవారిని చెరసాలల పాలు చేస్తున్నప్పుడు సరిహద్దుకు ఇవతల ఉన్న ప్రభుత్వం ఏం చేయాలి? ఈ ప్రశ్నకు మన దేశంలో రెండు సమాధానాలు చాలాకాలంగా ప్రచారంలో ఉన్నాయి. అది ఆ దేశపు ఆంతరంగిక వ్యవహారం, మనకు అనవసరం అన్నది మొదటిది. అటువంటి పాలకులతో సకల సంబంధాలూ తెంచుకోవాలన్నది రెండవది. ఇవి ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకమైనవిగా కనిపిస్తాయి. నిదానించి పరిశీలిస్తే రెండింటిలోనూ ఒకే లోపం బయటపడుతుంది. రెండూ పాలకుని ముఖం వైపే చూస్తాయి. ఆ పాలకుని బారినుండి తప్పించుకుని మన గుమ్మం ముందు నిలబడిన మనిషి రెండింటి దృష్టిలోనూ పడడు.

పాలకునితో మాట్లాడడం ఒక వ్యవహారం. అది అవసరాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. శరణు కోరి వచ్చినవానిని తిరిగి ఆ పాలకుని చేతికి అప్పగించకుండా ఉండడం ఒక విధి. అది మారడానికి వీలులేదు. మొదటిది సాగాలంటే రెండవదానిని వదులుకోక తప్పదని మన విధానకర్తలు కొందరు వాదిస్తూ వచ్చారు. ఈ వాదం ఎంతవరకు నిలుస్తుందో బర్మా ఉదాహరణతో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ దేశానికి 1989లో సైనిక ప్రభుత్వం మయన్మార్ అని పేరు మార్చింది. మన ప్రాంతపు వాడుకను బట్టి ఇక్కడ బర్మా అనే వ్రాస్తున్నాను.

రంగం వెళ్ళినవారు

ఉత్తరాంధ్రకు బర్మా పరాయి దేశం కాదు. చోడవరం, అనకాపల్లి మొదలుకొని శ్రీకాకుళం వరకు పల్లెల్లో పాతతరం వారు రంగూన్‌ను "రంగం" అనేవారు. పంట పోయిన ఏడాది, అప్పు పెరిగిన ఏడాది మగవారు ఓడ ఎక్కి రంగం వెళ్ళేవారు. రేవులో మూటలు మోసేవారు, ధాన్యం మిల్లుల్లో పనిచేసేవారు, రిక్షాలు లాగేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీదుగా బర్మాలో తెలుగువారందరికీ కోరంగీలన్న పేరు స్థిరపడింది.

అక్కడి కష్టం కూడా మనవారికి కొత్త కాదు. 1930 మేలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వారి స్థానంలో బర్మీ కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె పరిష్కారం కాగానే ఆ బర్మీ కూలీలను తీసివేసి తెలుగువారిని మళ్ళీ పనిలోకి పిలిచాయి. దానితో చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా మరణించారు. చనిపోయినవారిలో అత్యధికులు తెలుగు కూలీలు. ఇద్దరు పేదవాళ్ళను ఒకే కూలికోసం ఎదురెదురుగా నిలబెట్టి లాభం తీసుకున్న కంపెనీలకు ఏమీ కాలేదు. 1942లో జపాన్ సేనలు బర్మాలో ప్రవేశించినప్పుడు నాలుగైదు లక్షలమంది భారతీయులు అడవులూ కొండలూ దాటి స్వదేశం దారి పట్టారు. వారిలో వేలాదిమంది దారిలోనే ఆకలికీ జబ్బులకూ బలి అయ్యారు.

1948లో బర్మా స్వతంత్రమైంది. నెహ్రూ, ఊ నూ మంచి మిత్రులు. తిరుగుబాట్లతో ఊ నూ ప్రభుత్వం కూలిపోయేలా ఉన్నప్పుడు భారతదేశం ఆయుధ సహాయం చేసి నిలబెట్టింది. 1954 జూన్‌లో చైనా ప్రధాని చౌ ఎన్ లై ఢిల్లీలోనూ, రంగూన్‌లోనూ ఆగి ఇద్దరు ప్రధానులతో సంయుక్త ప్రకటనలు చేసినప్పుడు పంచశీల ఈ మూడు దేశాల ఉమ్మడి సూత్రమైంది. ఒకరి ఆంతరంగిక వ్యవహారాల్లో మరొకరు జోక్యం చేసుకోరాదన్నది అందులో ఒకటి. వలస పాలన నుండి అప్పుడే బయటపడిన దేశాలకు అది ఆత్మరక్షణ సూత్రం. పెద్ద దేశం చిన్న దేశాన్ని మింగకుండా కాపాడడానికి పుట్టిన మాట. ఆ మాటే క్రమంగా సొంత ప్రజలను మింగే పాలకునికి కవచంగా ఎలా మారిందన్నదే ఇక్కడ ఆలోచించవలసిన విషయం.

1964: సగం ధర్మం

1962 మార్చి 2న జనరల్ నె విన్ ఊ నూ ప్రభుత్వాన్ని కూలదోశాడు. 1963 ఫిబ్రవరిలో బ్యాంకులు, 1964 మార్చిలో దుకాణాలు, వర్తక సంస్థలు ప్రభుత్వపరమయ్యాయి. 1964 మేలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవని ప్రకటించారు. ఈ దెబ్బలు పేరుకు అందరి మీదా పడ్డాయి. వాస్తవానికి వర్తకంలోనూ చిన్న ఉద్యోగాల్లోనూ ఉన్న భారతీయులు ఎక్కువగా దెబ్బతిన్నారు. 1962 తరువాతి సంవత్సరాల్లో దేశం విడిచిన భారతీయులు సుమారు మూడు లక్షలని సాధారణంగా అంచనా వేస్తారు. నగలూ నగదూ చాలామటుకు అక్కడే వదిలి కట్టుబట్టలతో మద్రాసు, విశాఖపట్నం రేవుల్లో దిగారు. విశాఖలో కంచరపాలెం బర్మా క్యాంపు పేరులో ఆ చరిత్ర ఈనాటికీ మిగిలి ఉంది.

ఆనాడు ఢిల్లీ ఏం చేసింది? ఆస్తులను జాతీయం చేసుకునే హక్కు బర్మాకు ఉందని ఒప్పుకుంది. నష్టపరిహారం మాత్రం కోరింది. విదేశాంగ మంత్రి స్వరణ్ సింగ్ 1964లో రంగూన్ వెళ్ళి మాట్లాడారు. 1965లో నె విన్ ఢిల్లీకి వచ్చాడు. 1967లో సరిహద్దు ఒప్పందం కుదిరింది. పోయిన ఆస్తులకు తగిన పరిహారం మాత్రం బాధితులకు అందనేలేదు. ఈ మౌనాన్ని విమర్శించడం సులభం. కాని అదే ప్రభుత్వం ఓడలు పంపింది, శిబిరాలు వేసింది, చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చింది, ఇళ్ళస్థలాలు ఇచ్చింది. పాలకుని ముందు మాట తగ్గించింది గాని వచ్చినవారికి తలుపు మూయలేదు. దీనిని సగం ధర్మం అనవచ్చు. తరువాతి కాలంలో మనకు ఆ సగం కూడా ఎందుకు బరువైందో ముందు చూద్దాం.

వారు మనవారు, మనవారిని మనం తెచ్చుకున్నాం, ఇందులో శరణార్థి ధర్మం ఏముంది అని కొందరు అనవచ్చు. సమంజసమైన ప్రశ్నే. దీనికి జవాబు ఊ నూ జీవితంలో ఉంది. పదవి పోయి, జైలుపాలై, విడుదలై, 1969లో దేశం విడిచి, థాయిలాండ్ నుండి నె విన్ మీద సాయుధ పోరాటం కూడా నడిపి విఫలుడైన ఆ మాజీ ప్రధానికి 1974లో భారతదేశం ఆశ్రయమిచ్చింది. 1980లో క్షమాభిక్ష పొంది తిరిగి వెళ్ళేవరకు ఆయన భోపాల్‌లో నివసించారు. ఆయన భారతీయుడు కాడు. నె విన్‌కు ఆయనకంటే పెద్ద రాజకీయ శత్రువు లేడు. అయినా ఆ ఆరేళ్ళలో ఢిల్లీ, రంగూన్ మధ్య రాయబార సంబంధాలు తెగిపోలేదు. ఆశ్రయమిస్తే సంబంధాలు చెడతాయన్న వాదానికి మన సొంత చరిత్రలోనే ఇంత స్పష్టమైన సమాధానం ఉండగా దానిని ఎవరూ ప్రస్తావించకపోవడం విచారకరం.

ఒకే చేతిమీదుగా రెండు విధానాలు

1988 ఆగస్టులో బర్మా విద్యార్థులూ భిక్షువులూ కార్మికులూ వీధుల్లోకి వచ్చారు. సెప్టెంబరు 18న సైన్యం మళ్ళీ నేరుగా పగ్గాలు పట్టింది. వేలాదిమంది చంపబడ్డారు. అప్పుడు మన విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావు. నిజమైన బర్మీ శరణార్థులెవరినీ సరిహద్దు నుండి వెనక్కు పంపరాదని గట్టి ఆదేశాలిచ్చినట్లు ఆయన పార్లమెంటరీ సంఘానికి తెలిపారు. మణిపూర్‌లోనూ మిజోరంలోనూ శిబిరాలు వెలిశాయి. ఆకాశవాణి బర్మీ ప్రసారాల్లో సైనిక పాలకుల మీద విమర్శ వినిపించింది. 1990 ఎన్నికల్లో ఆంగ్ సాన్ సూ చీ పార్టీ 485 స్థానాల్లో 392 గెలిచింది. సైన్యం అధికారం ఇవ్వలేదు.

1991లో అదే నరసింహారావు ప్రధాని అయ్యారు. ఆయన హయాంలోనే తూర్పు దేశాలవైపు చూసే విధానం ప్రారంభమైంది. 1993లో విదేశాంగ కార్యదర్శి జె.ఎన్. దీక్షిత్ రంగూన్ వెళ్ళారు. 1994లో సరిహద్దు వర్తక ఒప్పందం కుదిరింది. 1995లో మోరే వద్ద వర్తకం మొదలైంది. నరసింహారావు విశ్వనాథవారి వేయిపడగలను హిందీలోకి తెచ్చిన అనువాదకులు కూడా. ఒకే మూలాన్ని రెండు సందర్భాల్లో రెండు విధాలుగా అనువదించడం అనువాదకులకు తెలిసిన పనే. 1988లో బర్మా ప్రజ మూలం అయింది. 1993లో బర్మా సైన్యం మూలం అయింది. మారిన కారణాలు అర్థం కానివి కావు. బర్మాలో చైనా పలుకుబడి పెరుగుతోంది. ఈశాన్య రాష్ట్రాల సాయుధ దళాలు బర్మా అడవుల్లో తలదాచుకుంటున్నాయి. ఏ ప్రభుత్వమైనా వీటిని లెక్కలోకి తీసుకోవలసిందే.

వాస్తవవాదులు తరచుగా 1995 నాటి సంఘటనను చూపుతారు. ఆ ఏడాది భారత, బర్మా సైన్యాలు మిజోరం సరిహద్దులో సాయుధ దళాలమీద కలిసి చర్య చేస్తుండగా, భారత ప్రభుత్వం సూ చీకి జవహర్‌లాల్ నెహ్రూ బహుమానం ప్రకటించింది. ఆ కోపంతోనే బర్మా సైన్యం మధ్యలో తప్పుకుందని చెబుతారు. ఆదర్శాలకు మూల్యం ఇదీ అని వారి వాదం. ఇక్కడ ఒక తేడాను గుర్తించవలసి ఉంది. బహుమానం ఒక సంజ్ఞ. దానివల్ల చెరలో ఉన్న ఒక్కరి సంకెల కూడా సడలలేదు. ఆశ్రయం సంజ్ఞ కాదు, అది ఒక ప్రాణం. సంజ్ఞకు మూల్యం చెల్లించామన్నది నిజమే కావచ్చు. దానిని బట్టి ఆశ్రయానికి కూడా మూల్యం చెల్లించవలసి వస్తుందని తీర్మానించడం తర్కం కాదు.

లెక్క చూస్తే

సిద్ధాంతాన్ని పక్కనబెట్టి వాస్తవవాదులను వారి లెక్కప్రకారమే అడుగుదాం. సైనికాధికారులతో స్నేహంవల్ల మనకు కలిగిన లాభమెంత? 2007 సెప్టెంబరులో భిక్షువులు రంగూన్ వీధుల్లో శాంతియుతంగా నడుస్తున్న రోజుల్లోనే మన పెట్రోలియం మంత్రి మురళీ దేవరా గ్యాసు అన్వేషణ ఒప్పందాలకోసం ఆ దేశంలో ఉన్నారు. 2008లో కలాదాన్ రవాణా పథకంమీద సంతకాలయ్యాయి. కలకత్తా నుండి సిట్వే రేవుకు, అక్కడినుండి నదిమీద పలెత్వాకు, తరువాత రోడ్డుమీద మిజోరానికి సరుకు చేర్చాలన్నది ఉద్దేశం. సిట్వేకు మొదటి ఓడ 2023లో చేరింది. 2024 జనవరిలో పలెత్వా పట్టణం సైన్యం చేతినుండి జారి అరకాన్ ఆర్మీ వశమైంది. నేపిడాలో కూర్చున్న మన మిత్రులకు మన రోడ్డుమీద అధికారం లేకుండా పోయింది. ప్రజలను కాదని పాలకునితో చేసుకున్న ఒప్పందం ఆ పాలకుని తుపాకి చేరేంత దూరమే చెల్లుతుంది.

తెగతెంపులు కోరేవారి లెక్క కూడా చూడాలి. 2003లో అమెరికా బర్మా సరుకు దిగుమతిని నిషేధించింది. దానివల్ల దుస్తుల కర్మాగారాలు మూతపడి పదులవేలమంది పనివాళ్ళు, ఎక్కువగా యువతులు, వీధిన పడ్డారు. జనరల్స్‌కు గ్యాసు ఆదాయం వస్తూనే ఉంది. కూలివాని కంచంలోని మెతుకులు తీసి దొరను శిక్షించామనుకోవడం న్యాయం అనిపించుకోదు. నిషేధం తప్పనిసరి అయినచోట అది ఆయుధంమీద, ఆయుధం కొనే డబ్బుమీద ఉండాలి.

ఈ విషయంలో విశాఖ వాసులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది ఒకటుంది. సింధువీర్ అనే జలాంతర్గామిని మన విశాఖలోని హిందూస్థాన్ షిప్‌యార్డులో బాగుచేసి 2020లో బర్మా నౌకాదళానికి అందజేశారు. డిసెంబరులో అది అక్కడ కొత్త పేరుతో ప్రవేశించింది. ఆరు వారాలు తిరగకముందే, 2021 ఫిబ్రవరి 1న, జనరల్ మిన్ ఆంగ్ లయింగ్ ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోశాడు. ఇచ్చిననాటికి అక్కడ పౌర ప్రభుత్వమే ఉందని సమర్థించవచ్చు. కాని 2008 రాజ్యాంగం ప్రకారం రక్షణ, హోం, సరిహద్దు శాఖలు సైన్యం చేతిలోనే ఉన్నాయి, పార్లమెంటులో నాలుగోవంతు స్థానాలు సైన్యానివే. 2017లో అదే సైన్యం ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలను బంగ్లాదేశ్‌లోకి తరిమింది. ఆయుధం ఎవరి చేతికి వెళుతోందో తెలియదనడానికి వీలులేదు. 1964లో కాందిశీకులు దిగిన ఊరినుండే, వారిని తరిమిన సైన్యపు వారసులకు 2020లో జలాంతర్గామి వెళ్ళింది.

నజాషీ, అబూ జందల్

ఈ పత్రిక పాఠకులకు ఇస్లామీ చరిత్రలోని రెండు ఘట్టాలు సుపరిచితాలు. వాటిని భక్తితో స్మరించుకోవడమే గాని, పొరుగు ప్రభుత్వాల ధర్మానికి ఉదాహరణలుగా చదివే అలవాటు మనలో తక్కువ.

క్రీ.శ. 615 ప్రాంతంలో మక్కా పెద్దల హింస భరించలేక కొందరు ముస్లింలు ఎర్రసముద్రం దాటి హబషాకు, అంటే అబిసీనియాకు వెళ్ళారు. ఖురైషులు ఇద్దరు రాయబారులను విలువైన తోలు కానుకలతో పంపారు. వారు ముందుగా రాజు సేనానులను కానుకలతో తమవైపు తిప్పుకున్నారు. పారిపోయివచ్చినవారి మాట వినకుండానే అప్పగించమని ఆ సేనానులు రాజుకు సలహా ఇచ్చారు. నజాషీ అంగీకరించలేదు. శరణార్థులను పిలిపించి, హజ్రత్ జాఫర్ (ర) నోట వారి కథ విని, అప్పగించడానికి నిరాకరించి, కానుకలు తిప్పి పంపాడు. ఆయన చేయనిది కూడా గమనించాలి. ఆయన మక్కామీద దండెత్తలేదు. మక్కాతో తన రాజ్యపు సంబంధాలకు స్వస్తి చెప్పలేదు. ఆయన క్రైస్తవుడు, వచ్చినవారు వేరే ధర్మం వారు. వినడం, అప్పగించకపోవడం, కానుక తీసుకోకపోవడం, ఈ మూడే ఆయన చేసినవి. చిన్న ప్రభుత్వమైనా చేయగలిగినవి ఇవి.

రెండవ ఘట్టం కష్టమైనది. దానిని దాటవేయడం నిజాయితీ కాదు. 628లో హుదైబియా సంధి కుదురుతుండగా అబూ జందల్ (ర) సంకెళ్ళతో తప్పించుకుని వచ్చి పడ్డారు. మక్కానుండి వచ్చినవారిని తిరిగి అప్పగించాలన్న షరతు సంధిలో ఉంది. దైవప్రవక్త (స) ఎంతో వేదనతో, ఓర్చుకోమని చెప్పి ఆయనను తిరిగి పంపవలసి వచ్చింది. ఒప్పందాలు గాలిమాటలు కావనడానికి ఇది సాక్ష్యం. పీడితులకు సహాయం చేయమంటూనే, సంధి ఉన్న జాతికి వ్యతిరేకంగా వద్దని ఖుర్ఆన్ అన్ఫాల్ అధ్యాయం కూడా హద్దు నిర్ణయించింది. వాస్తవవాదులు ఈ ఘట్టాన్ని తమకు అనుకూలంగా చూపవచ్చు. కాని తరువాత జరిగింది కూడా చదవాలి. వలస వచ్చిన స్త్రీలను తిరిగి పంపరాదని నిర్ణయమైంది. అలా పంపబడిన మరొకరు అబూ బసీర్ (ర) తీరప్రాంతంలో స్థిరపడి, తనవంటివారు తోడుకాగా ఖురైషుల బిడారులకు అడ్డుపడడంతో, ఆ షరతును ఎత్తివేయమని ఖురైషులే వచ్చి ప్రాధేయపడ్డారు. అప్పగింత షరతు పెట్టినవారికే అది చేటు తెచ్చింది. పైగా బర్మా నుండి పారిపోయి వచ్చినవారిని అప్పగించి తీరాలన్న సంధి మన ప్రభుత్వాన్ని ఏదీ బంధించడం లేదు. లేని సంధి పేరున ధర్మం వదులుకోవడానికి హుదైబియా ఆధారం కానేరదు.

మన ఫుఖహాలు ఈ చర్చను చాలాదూరం తీసుకువెళ్ళారు. శత్రుదేశపు మనిషికి ఇచ్చే అభయాన్ని అమాన్ అనీ, దానిని కోరి వచ్చినవానిని ముస్తఅమిన్ అనీ అన్నారు. అటువంటివానిని అతని సమ్మతి లేకుండా శత్రువుకు అప్పగించరాదని ఇమామ్ ముహమ్మద్ షైబానీ సంప్రదాయం చెబుతుంది. ఈ శాస్త్రాన్ని ఆధునిక ప్రపంచానికి పరిచయం చేసిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా హైదరాబాదు బిడ్డ. ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించినవారు. 1948 తరువాత స్వదేశానికి తిరిగి రాక పారిస్‌లో దశాబ్దాలపాటు శరణార్థిగా జీవించి, 2002లో అమెరికాలో కన్నుమూశారు. శరణార్థుల హక్కును గురించి వ్రాసిన పండితుడు ఆ హక్కు నీడలోనే బ్రతకవలసి రావడం మన ప్రాంతపు చరిత్రలో ఆలోచింపజేసే సంగతి.

2021 తరువాత

ఫిబ్రవరి కుట్ర తరువాత మార్చి 27న నేపిడాలో సైనిక దినోత్సవం జరిగింది. ఆ ఒక్కరోజే బర్మా పట్టణాల్లో వందమందికి పైగా పౌరులు కాల్చి చంపబడ్డారు. ఆ కవాతుకు ప్రతినిధిని పంపిన ఎనిమిది దేశాల్లో మనదీ ఒకటి. జూన్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ తీర్మానానికి 119 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి, 36 తటస్థంగా ఉన్నాయి. మనం తటస్థుల్లో ఉన్నాం. 2022 డిసెంబరులో భద్రతామండలిలోనూ అదే పునరావృతమైంది.

అంతకుముందే, 2021 మార్చి 10న, బర్మానుండి రాకపోకలను అడ్డుకోమని కేంద్ర హోంశాఖ ఈశాన్య రాష్ట్రాలకు లేఖ వ్రాసింది. మణిపూర్ ప్రభుత్వం అన్నపానీయాల శిబిరాలు తెరవవద్దని ఉత్తర్వు ఇచ్చి, విమర్శ రాగానే మూడు రోజుల్లో ఉపసంహరించుకుంది. మే 3న మణిపూర్ హైకోర్టు ఏడుగురు బర్మీయులు ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్యాలయానికి చేరడానికి అనుమతించింది. మిజోరం మాత్రం లేఖను పక్కనబెట్టింది. 2011 జనాభా లెక్కల్లో పదకొండు లక్షలకు చేరని ఆ చిన్న రాష్ట్రం ముప్పైవేల మందికి పైగా చోటిచ్చింది. చర్చీలూ, యువజన సంఘాలూ, గ్రామాలూ తిండి పెట్టాయి. పిల్లలను బడుల్లో చేర్చుకున్నారు. పదవి కోల్పోయిన చిన్ రాష్ట్ర ముఖ్యమంత్రి కూడా అక్కడే తలదాచుకున్నారు. ఇంత జరిగినా నేపిడా ఢిల్లీతో సంబంధం తెంచుకుందా? లేదు. 2025 మార్చి భూకంపం తరువాత మన నౌకలూ విమానాలూ సహాయంతో వెళ్ళాయి, అది సత్కార్యం. ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో మన ప్రధాని ఆ జనరల్‌తో సమావేశమయ్యారు. భోపాల్‌లో ఊ నూ రుజువు చేసినదానినే మిజోరం మళ్ళీ రుజువు చేసింది.

మరి రోహింగ్యా విషయంలో తలుపు ఎందుకు మూసుకుంది? 1982 పౌరసత్వ చట్టం వారిని దేశం లేనివారిని చేసింది. అదే చట్టం బర్మాలో మిగిలిపోయిన తెలుగు కుటుంబాలు అనేకాన్ని కూడా రెండవ తరగతి పౌరులుగా దించింది. మన కాందిశీకులను తరిమిన ఆలోచనే రోహింగ్యాలను తరిమింది. హైదరాబాదు బాలాపూర్ పరిసరాల్లో ఈ అభాగ్యులు కొన్ని వేలమంది గుడిసెల్లో కాలం గడుపుతున్నారు. 2021 ఏప్రిల్‌లో జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు వారిని విడుదల చేయమనలేదు, చట్టప్రకారం పద్ధతి పాటించకుండా పంపవద్దని మాత్రం అన్నది. 2019 పౌరసత్వ సవరణ చట్టం మూడు పొరుగు దేశాల పీడితులను పేర్కొంది. ఆ జాబితాలో బర్మా లేదు, ఒక మతమూ లేదు.

ఇక్కడ మాటల ప్రమేయం చిన్నది కాదు. 1964లో బర్మానుండి వచ్చినవారిని మన పత్రికలు కాందిశీకులన్నాయి. ఏ దిక్కుకు పోవాలో తెలియనివాడని ఆ సంస్కృత పదానికి వ్యుత్పత్తి. ముస్తఅమిన్ అంటే భద్రత కోరేవాడు. నేడు అదే దేశంనుండి వచ్చినవానిని చొరబాటుదారు అంటున్నారు. మొదటి మాట వాని భయాన్ని చెబుతుంది, రెండవది వాని కోరికను చెబుతుంది, మూడవది మన అనుమానాన్ని మాత్రమే చెబుతుంది. అనువాదంలో ఎంచుకున్న ఒక పదం తీర్పు వ్రాసేవారి కలంలోకి కూడా ప్రవేశిస్తుంది.

మనవైపు లోపం

ప్రభుత్వాన్ని విమర్శించిన కలం తన సమాజాన్ని వదిలిపెడితే అది విమర్శ అనిపించుకోదు. రోహింగ్యాలకోసం మన సభల్లో దుఆలు చేస్తాం, చందాలు పోగుచేస్తాం. అది సబబే. అదే సైన్యం చేతిలో గ్రామాలు తగలబడిన చిన్ క్రైస్తవుల ప్రస్తావన ఎన్ని సభల్లో వచ్చింది? మాండలేలో కాల్చబడిన బౌద్ధ విద్యార్థుల కోసం ఎవరు కన్నీరు కార్చారు? 1971లో తూర్పు పాకిస్తాన్‌లో సైనిక పాలకుల దౌర్జన్యంనుండి తప్పించుకుని సుమారు కోటిమంది భారతదేశంలోకి వచ్చినప్పుడు, ఆ పాలకులు ముస్లింలు గనుక మన పెద్దల్లో కొందరు నోరు విప్పడానికి సంకోచించారు. దౌర్జన్యం చేసే సోదరుణ్ణి ఆపడమే అతనికి చేసే సహాయమన్న ప్రవక్త (స) బోధ మనకు కంఠస్థం. బహుదైవారాధకుడు సైతం శరణు కోరితే అభయమిచ్చి సురక్షిత స్థలానికి చేర్చమన్న తౌబా అధ్యాయపు ఆదేశం కూడా కంఠస్థమే. పీడితుని మతం చూసి జాలిపడే సమాజానికి, పీడితుని మతం చూసి చట్టం చేసే ప్రభుత్వాన్ని ప్రశ్నించే అర్హత తగ్గిపోతుంది.

చేయవలసినది

పై పరిశీలనను బట్టి నాలుగు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, మన దేశానికి శరణార్థి చట్టం లేదు. 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడికపై మనం సంతకం చేయలేదు. 2015లో ప్రైవేటు బిల్లుగా లోక్‌సభ ముందుకు వచ్చిన శరణార్థి బిల్లు చట్టం కాలేదు. జీవించే హక్కు ఈ నేలమీద ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుందని 1996లో చక్మాల కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పును చట్టరూపంలోకి తేవాలి. మతం పేరెత్తని చట్టం కావాలి. రెండవది, ప్రజలమీద తుపాకి పేల్చే సైన్యానికి ఆయుధాలూ, విడిభాగాలూ, మరమ్మతులూ నిలిపివేయాలి. మూడవది, జనరల్స్‌తో మాట్లాడుతూనే, సరిహద్దు ప్రాంతాలు ఎవరి అధీనంలో ఉన్నాయో వారితోనూ, పదవీచ్యుతులైన ప్రజాప్రతినిధులతోనూ బాహాటంగా మాట్లాడాలి, సహాయం వారి ద్వారా కూడా పంపాలి. నాలుగవది, ఐక్యరాజ్యసమితిలో హత్యను హత్య అనాలి. సూ చీ పార్టీని 2023లో రద్దుచేసి 2025 డిసెంబరులో మొదలుపెట్టిన ఎన్నికలను ప్రజాతీర్పుగా గుర్తించరాదు.

వీటిలో ఏ ఒక్కటీ యుద్ధం కోరదు, వర్తకం ఆపమనదు. నె విన్‌ను దించే శక్తి 1964లో ఢిల్లీకి లేదు. మిన్ ఆంగ్ లయింగ్‌ను దించే శక్తి కూడా లేకపోవచ్చు. బర్మా పాలకులను మార్చడం బర్మా ప్రజల హక్కు, వారి పోరాటం. మన గుమ్మం మాత్రం మన అధీనంలోనే ఉంది. దానిని ఎలా ఉంచాలో నిర్ణయించుకోవడానికి ఏ జనరల్ అనుమతీ అక్కరలేదు. రంగంనుండి వట్టి చేతులతో దిగినవారి మనుమలూ మనుమరాళ్ళూ నేడు మన జిల్లాల్లో ఓటర్లు. ఓటడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ వారు శరణార్థి చట్టాన్ని గురించి అడగాలి. తమ తాతలకు దొరికిన చోటు మరొకరికి దొరకాలని కోరడానికి వారికంటే అర్హులెవరు?